తిండి లెక్కలోకి రాని చేదు

మా సుభద్ర పెద్దకర్మ రోజున, భోజనాల పంక్తిలో కూర్చున్న ఒక దూరపు బంధువు నన్ను చేత్తో పిలిచి, "ఈ గారెలు వేయించిన నూనె మంచిదేనంటావా?" అని అడిగాడు. ఆయన్ని తప్పుపట్టను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ జనం నన్ను అడిగింది ఆ ప్రశ్నే. యానాంలో నా పేరు తెలిసినవాళ్లు కొద్దిమంది. 'ఫుడ్ ఇనస్పెక్టరు గారు' అంటే మాత్రం అందరికీ తెలుసు. భార్య పోయిన రోజుల్లో కూడా ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంటుందని ఆయన అనుకోవడంలో వింతేమీ లేదు. మంచిదే అన్నాను. తిన్నాడు.

ఆ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చట్టం, సెక్షన్లు, శాంపిలు తీసి సీలు వేసే పద్ధతి మీకు శిక్షణలో చెప్తారు. నాకంటే బాగా చెప్తారు. నా ప్రమోషన్ల గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. శిక్షణలో నాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. మనుషులు నోట్లో వేసుకునేదంతా వాళ్ల దృష్టిలో తిండి కాదు. అది నాకు తెలిసేసరికి ఉద్యోగం చివరి ఏళ్లు వచ్చాయి.

హద్దు

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. యానాం పుదుచ్చేరిలో భాగం, చుట్టూ మాత్రం ఆంధ్ర. మా పై అధికారులు, మా ప్రయోగశాల పుదుచ్చేరిలో. ఇక్కడ తీసిన శాంపిలు ఐసు పెట్టెలో సర్ది కాకినాడ నుంచి రైల్లో పంపాలి. ఫలితం వచ్చేలోపు తినేవాళ్లు తినేస్తారు, అమ్మేవాళ్లు అమ్మేస్తారు. పైగా నా అధికారం ఊరి హద్దు వరకే. పాలలో నీళ్లు కలిపే ఒకాయన నన్ను దూరం నుంచి చూడగానే మోపెడ్ దిగి, దాన్ని నడిపించుకుంటూ హద్దు దాటి, అవతల నిలబడి దండం పెట్టేవాడు.

"ఇటు రండి బాబుగారూ, టీ తాగుదురుగాని," అనేవాడు. టీ కూడా ఆ పాలతోనే.

కోపం వచ్చేది. తర్వాత నవ్వొచ్చేది. హద్దు అవతల ఉన్న నా తోటి ఉద్యోగితో స్నేహం చేసుకోవడం నేర్పింది ఆయనే. మీరు ఏ ఊళ్లో ఉన్నా ముందు ఆ పని చెయ్యండి.

ఏది తినొచ్చు, ఏది తినకూడదు అన్నదాని మీద ఒక మాట. జనం దేనికి భయపడతారో దానిలో ప్రమాదం ఉండడం నేను అరుదుగా చూశాను. ప్లాస్టిక్ గుడ్డు అని రుమాల్లో చుట్టి తెచ్చినవాళ్లున్నారు. ప్లాస్టిక్ బియ్యం అని డబ్బాలో తెచ్చినవాళ్లున్నారు. రెండూ మామూలువే. చేపల పెట్టెలో వేసే ఐసును చెరుకురసంలో కొట్టి పోస్తుంటే మాత్రం నిలబడి తాగేవాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నం దాకా బయట ఉంచిన కొబ్బరి చట్నీని ఎవరూ అనుమానించేవారు కాదు. కొత్తదంటే భయం, అలవాటైనదంటే నమ్మకం. మన పనిలో సగం ఈ నమ్మకంతోనే.

ఒకే గిన్నె, ఒక్కడే రోగి

నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు జరిగింది ఇది. మా ఊళ్లోనే కనకాలపేటలో సత్తిరాజు అని ఒక ఆటో డ్రైవరు. పొద్దున్నే మార్కెట్లో, చెరువుల్లో గడ్డి మేసి పెరిగే గడ్డి చేప ముక్కలు కొనుక్కెళ్లాడు. భార్య నాగమణి పులుసు పెట్టింది. మధ్యాహ్నం అందరూ తిన్నారు. సాయంత్రానికి సత్తిరాజుకు కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మర్నాటికి కాకినాడ తీసుకెళ్లాల్సి వచ్చింది.

ఆ చేప అమ్మింది మంగతాయారు. ఫరంపేట మనిషి. మార్కెట్లో ఆవిడ కూర్చునే చోటు అత్తగారి నుంచి వచ్చింది. భర్త వేటకు వెళ్లలేని స్థితికి వచ్చాక ఇల్లు ఆ చోటు మీదే నడుస్తోంది. చేపల మార్కెట్లో చోటు అంటే గోడలు, తలుపులు ఉండవు. ఒక కత్తిపీట, రెండు టబ్బులు పట్టేంత నేల. కొన్నాళ్లు రాకపోతే అటూ ఇటూ ఉన్నవాళ్లు జరిగి నింపేస్తారు. మళ్లీ దొరకదు.

సత్తిరాజు బావమరిది నేరుగా అక్కడికే వచ్చాడు. నేను వెళ్లేసరికి ఒక టబ్బు బోర్లా పడి ఉంది. చేపలు నేల మీద ఉన్నాయి.

"మందు కొట్టిన చేపలమ్మి మనుషుల్ని చంపుతావా? నీ ఇంట్లోవాళ్లకి పెట్టు ఇది!"

"పెట్టేనయ్యా! ఆ చేప తలకాయే నిన్న మా ఇంట్లో వండేను. రా, వచ్చి మావోళ్లని చూద్దువుగాని!"

"చూపిత్తాదంట! మా బావ లేవకపోతే నిన్నీ మార్కెట్లో కూర్చోనిత్తాననుకున్నావా?"

చుట్టూ నిలబడ్డవాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మధ్యాహ్నానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. 'యానాం మార్కెట్లో మందు చేపలు' అని ఎవరో దానికి పేరు కూడా పెట్టారు. శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ అనే మందును చేపలకు పూస్తారన్న మాట అప్పటికే జనంలో ఉంది. కొన్నిచోట్ల అది నిజం కూడా. అందుకే అందరూ నమ్మారు.

పుదుచ్చేరిలో ఉన్న మా పై అధికారికి ఫోన్ చేశాను. మంచి అధికారి. భయస్తుడు. రెండూ నిజమే. శాంపిలు పంపమన్నారు, ఫలితం వచ్చేదాకా ఆవిడ అమ్మకం ఆపమన్నారు. ఆపాను. ఆవిడ కత్తిపీట సంచిలో చుట్టుకుంది. పక్క చోటులో కూర్చునే వీరమ్మ వినపడేలా అంది: "దీని పుణ్యమా అని మా బేరాలూ పోయినియ్."

శాంపిలు పెట్టె రైలెక్కించాక నన్ను తొలిచింది ఒకటే. పులుసు ఒకే గిన్నెలో పెట్టారు. నాగమణి తింది. సత్తిరాజు తల్లి తింది. ఇద్దరికీ ఏమీ కాలేదు.

పొద్దున్న నుంచి చెప్పు

కాకినాడ ఆసుపత్రిలో సత్తిరాజును చూశాను. కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం ఆగిపోయింది. కిడ్నీల డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇది ఫార్మలిన్ పని కాదు. ఏదో మింగాడు. పురుగుమందేమో అని కూడా అడిగాం. ఏమీ లేదంటున్నారు. ఏం మింగాడో తెలిస్తే మాకు దారి తెలుస్తుంది," అన్నాడు.

నాగమణి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పురుగుమందు మాటతో అప్పటికే మండిపడుతోంది.

"మా ఇంట్లో గొడవలేం లేవండి. ఆయన తాగడు. అప్పులూ లేవు. ఎందుకు మింగుతాడండి పురుగుమందు?"

"నేను ఆ మాట అనలేదమ్మా. ఆ రోజు ఏం తిన్నాడు?"

"చెప్పేను గదండి. టీ తాగేడు. మజ్జానం అన్నం, చేపల పులుసు."

"బయటేమైనా తిన్నాడా?"

"లేదండి."

"ఇంట్లో ఇంకేమైనా తిన్నాడా?"

"ఎన్నిసార్లడుగుతారండి? లేదన్నాను గదండి."

నిజమే చెప్తోంది. మొహంలో దాపరికం లేదు. అలాంటప్పుడు ప్రశ్నలోనే ఏదో లోపం ఉందని అనుకోవాలి. నేను కింద కూర్చున్నాను.

"తిండి సంగతి వదిలెయ్ నాగమణీ. అతను లేచిన దగ్గర్నుంచి ఏం చేశాడో వరసగా చెప్పు."

"ఏం చేత్తాడండి? లేచేడు. మొహం కడుక్కున్నాడు. ఆటో తుడుచుకున్నాడు. మార్కెట్టుకెళ్లి చేప తెచ్చేడు. పక్కింట్లో అరటిపండు అడిగి తెమ్మన్నాడు, తెచ్చేను. టీ పెట్టేను..."

"అరటిపండు తిన్నాడా? ఇందాక చెప్పలేదే?"

"అది తినడానికి కాదండి. మందులోకండి."

"ఏం మందు?"

"చేదండి. చేప చేదు. సుగరుకండి. పరగడుపున అరటిపండు ముక్కలో పెట్టి మింగేత్తాడు."

చేప కడుపులో కాలేయానికి అంటుకుని ఆకుపచ్చగా చిన్న తిత్తి ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు అది పగిలితే ముక్కలన్నీ చేదెక్కుతాయి. అందుకే జాగ్రత్తగా తీసి పారేస్తారు. దాన్నే మా వైపు చేదు అంటారు. పారేసేదాన్ని కొందరు అడిగి తీసుకుంటారు. సుగరంటే ఒంట్లో తీపి ఎక్కువవడం కాబట్టి చేదు మింగితే విరుగుతుందని వాళ్ల లెక్క. కాకరకాయ రసం, వేపాకు తాగే మనుషులకు అది తప్పుగా తోచదు.

"ఇంతకు ముందు మింగాడా?"

"శానాసార్లండి. ఏం కాలేదు. మా అత్త కూడా మోకాళ్ల నొప్పులకి మింగింది."

"మరి ఇన్నిసార్లు అడిగితే చెప్పలేదేంటమ్మా?"

"మీరు తిన్నదడిగేరు గదండి," అంది నాగమణి. ఆశ్చర్యంగా నా వంక చూసింది.

డాక్టరుకు చెప్పాను. ఆయనకు ఇంకేమీ వివరించాల్సిన అవసరం లేకపోయింది. చేప పిత్తం మింగి వచ్చినవాళ్లను అంతకు ముందు చూశాడట. ఆ పిత్తంలో విషం ఉంటుంది. ఉడికించినా పోదు. కిడ్నీలను, కాలేయాన్ని పట్టుకుంటుంది. చేప ఎంత పెద్దదైతే తిత్తి అంత పెద్దది, విషం అంత ఎక్కువ. గడ్డి చేపలో మరీను. డయాలసిస్ చేస్తూ ఉంటే చాలామందికి కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయి అన్నాడు. చాలామందికి అన్నాడు, అందరికీ అనలేదు.

బస్సులో తిరిగి వస్తూ ఆలోచించాను. వెనకటివాళ్లు మింగింది చిన్న చేపల చేదు. వాంతి అయితే అయింది, లేకపోతే లేదు. ఇప్పుడు చెరువుల్లో మేపిన పెద్ద చేపలు మార్కెట్టుకు వస్తున్నాయి. మందు అదే అనుకున్నారు. మోతాదు మారింది, అది ఎవరూ గమనించలేదు.

ఫరంపేటలో

మర్నాడు మంగతాయారు ఇంటికి వెళ్లాను. టబ్బులు కడిగి గోడకు బోర్లించి ఉన్నాయి. నన్ను చూడగానే ఆవిడ అడిగింది చోటు గురించి కాదు.

"అతను బతుకుతాడాండి?"

"బతుకుతాడనే డాక్టరు అంటున్నాడు. ఆ రోజు అతనికి చేదిచ్చావా?"

"ఇచ్చేనండి. ఎప్పుడూ ఇత్తాను. దానికేం తీసుకోనండి నేను."

"ఆ చేప ఎంతుంది?"

"పెద్దదండి. అంత పెద్దది ఆ మజ్జన రాలేదు. మంచి చేదు దొరికింది గదా అని ఇంకొకాయన అడిగినా ఇవ్వకుండా సత్తిరాజు కోసం తీసి ఉంచేను." ఆగింది. "దాని మూలంగానేటండి?"

చెప్పాను. ఇలాంటి చోట ఓదార్చాలని నోరు తెరవకండి. నేను తెరవలేదు.

ఆ వారంలోనే పుదుచ్చేరి నుంచి ఫలితం వచ్చింది. ఫార్మలిన్ లేదు. మా అధికారి ఫోన్లో, "చేప శుభ్రం అని రాయండి, అమ్మకం మొదలుపెట్టమనండి, అంతటితో వదిలెయ్యండి," అన్నారు. పిత్తం సంగతేమిటి అని అడిగాను. "ఆవిడ దాన్ని అమ్మలేదు. తిండిగా ఇవ్వలేదు. మన చట్టంలో దానికి చోటు లేదు. మనం దాని జోలికి వెళితే ఊళ్లో ప్రతి నాటుమందూ మన మెడకు చుట్టుకుంటుంది," అన్నారు.

ఆయన చెప్పింది చట్టం ప్రకారం సరైనదే. అయితే రేపు పొద్దున్న ఇంకొకడు మార్కెట్లో ఇంకొక పెద్ద చేప చేదు అడుగుతాడు. మింగొద్దని నేను చెప్పాలి. ఎందుకని అడిగితే సత్తిరాజు సంగతి చెప్పాలి. ఇచ్చిందెవరని అడుగుతారు.

మంగతాయారుకు దాచకుండా చెప్పాను. "చేప బాగుందన్న కాగితం ఇస్తాను. నీ చోటు నీకొస్తుంది. కానీ చేదు మింగొద్దని కూడా నేను జనానికి చెప్పాలి. నీ పేరు ఎత్తను. ఈ ఊళ్లో పేరు ఎత్తకపోయినా తెలిసిపోతుంది."

"తెలిసిపోద్దండి," అంది. తర్వాత, "ఇంకెవరెవరికి ఇచ్చేనో గుర్తు చేసుకుంటన్నానండి. దరియాలతిప్పలో ఒక ముసలాయనున్నాడు. ఆయన వారం వారం వత్తాడు. ముందాయనకి చెప్పాలి," అంది.

ఆ పూటే వెళ్లి చెప్పి వచ్చిందని తర్వాత తెలిసింది.

అమ్మకం మళ్లీ మొదలుపెట్టిన రోజు నేను మార్కెట్టుకు వెళ్లాను. ఆవిడ చోటులోకి వీరమ్మ టబ్బు ఒకటి జరిగి ఉంది. మంగతాయారు ఆ మిగిలిన సగంలోనే కత్తిపీట వేసుకుంది. కూర్చోలేదు. నిలబడి గట్టిగా అంది:

"ఇదిగో, అందరూ ఇనండి. నా చేప మంచిదే, ఇనస్పెటరు గారు కాయితం ఇచ్చేరు. సత్తిరాజుకి చేదిచ్చింది మాత్రం నేనే. పెద్ద చేప చేదు. దానివల్లే పడిపోయేడు. ఇక మీద నన్నెవరూ చేదడక్కండి. మీరూ ఎవరికీ ఇవ్వకండి."

"నోర్మూసుకో పిల్లా," అంది వీరమ్మ పక్క నుంచి. "వచ్చే ఒకటీ అరా బేరం కూడా రాదు."

"మా తాత జీవితమంతా మింగేడు, రాయిలాగున్నాడు," అన్నాడొకాయన.

"మీ తాత మింగింది జానెడు చేపది. ఇది చూడు," అని మంగతాయారు పెద్ద చేప కడుపు చీల్చి తిత్తి బయటికి తీసింది. బొటనవేలంత ఉంది. బూడిద ఉన్న డబ్బాలో పడేసింది.

ఆ రోజు ఆవిడ చేప ఒక్కటీ అమ్ముడుపోలేదు. తర్వాతి రోజుల్లోనూ అంతే. చేప మంచిదని కాగితం ఇచ్చినవాణ్ని నేను. ఆ కాగితాన్ని నమ్మి ఒక్కరూ చేప కొనలేదు. మన కాగితాలకు ఎంత విలువుందో మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇంట్లో ఉద్యోగం సంగతులు మాట్లాడే అలవాటు నాకు లేదు. సుభద్ర కూడా అడిగేది కాదు. ఆ రోజుల్లో ఒకసారి మాత్రం పుస్తకం చదువుకుంటున్నదల్లా తలెత్తి అడిగింది.

"ఆవిడ చేప తినొచ్చా?"

"తినొచ్చు."

"ఆఫీసు మాటా, ఇంటి మాటా?"

"రెండూ ఒకటే."

మర్నాడు పొద్దున్న సంచి పట్టుకుని మార్కెట్టుకు వెళ్లింది. మంగతాయారు దగ్గర చేప కొని, కోయించుకుంటూ అక్కడే చాలాసేపు నిలబడిందని నాకు వేరేవాళ్లు చెప్పారు. దానితో పరిస్థితి మారిపోలేదు. ఆ వారం ఇంకో ఇద్దరు ముగ్గురు కొన్నారు. వీరమ్మ టబ్బు వెనక్కి జరగడానికి నెలలు పట్టింది.

సత్తిరాజు బతికాడు. కిడ్నీలు మెల్లగా దారికొచ్చాయి. చిక్కి సగమై ఇంటికి వచ్చాడు. ఆటో తీసిన కొత్తలో ఒక పొద్దున్న మార్కెట్టు దగ్గర ఆగాడు. బావమరిది వద్దంటున్నా లోపలికి వచ్చి మంగతాయారు ముందు నిలబడ్డాడు.

"డాక్టరు చేప తినొచ్చన్నాడు. చేదు మాత్రం నువ్వే ఉంచుకో."

"నాకెందుకు? నీలాటోడు దొరికితే మింగేత్తాడని బూడిదలో పడేత్తన్నాను."

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చేప తూచి ఇచ్చి, అతను వెళ్లాక కొంగుతో మొహం తుడుచుకుంది.

చివరగా

ఎవరైనా అస్వస్థులైతే, 'ఏం తిన్నారు?' అని అడిగి ఊరుకోకండి. పొద్దున్న నుంచి చెప్పమనండి. మందు, నైవేద్యం, మొక్కు, దిష్టి తీసి నాలుక మీద వేసినది, పంటి నొప్పికి నమిలినది, ఇవేవీ తిండి లెక్కలోకి రావు. శరీరానికి ఆ తేడా తెలియదు. సహజమైనది కాబట్టి మంచిదని ఎవరైనా అంటే నమ్మకండి. పాతది కాబట్టి చెడ్డదని కూడా అనకండి. ఎంత మోతాదు, ఎవరి ఒంట్లోకి, ఏం మారింది అని అడగండి. మీ అధికారి చట్టం దగ్గర ఆగమంటే ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఆయన పని అంతవరకే. మీ పని అంతవరకేనా అన్నది మీరే తేల్చుకోవాలి.

సుభద్ర పోయాక చేపలకు నేనే వెళ్తున్నాను. మంగతాయారు నాకు ఎంతమందికని అడగదు. చిన్న చేప ఒకటి ఏరి, కడుపు చీల్చి, చేదును గోటితో పట్టి పైకెత్తి చూపించి బూడిదలో వేస్తుంది. ప్రతి ఒక్కరికీ అలాగే చూపిస్తుంది. ఆ తర్వాతే ముక్కలు.

ఈ మధ్య ఒకరోజు నా చేప కత్తిపీట మీద ఉండగా, బయటి ఊరి నుంచి కారులో వచ్చిన ఒకావిడ పెద్ద గడ్డి చేప బేరమాడింది. బేరం కుదిరాక మెల్లగా అడిగింది.

"దాని చేదు పారెయ్యకమ్మా. మా అమ్మకి సుగరు. విడిగా డబ్బులిస్తాను."

"ఇవ్వనండి."

"అదేంటి? పారేసేదే కదా?"

"పారేత్తానండి. ఇవ్వను."

ఆవిడ మొహం చిట్లించుకుని చేప కూడా వద్దని పక్కకు జరిగింది. వీరమ్మ ఇప్పుడు బాగా పెద్దదైపోయింది, చెవులు సరిగ్గా వినపడవు. అయినా ఈ మాట వినపడినట్టుంది. టబ్బు మీద గోనె కప్పేసింది.

"నా దగ్గర చేపుంది తల్లీ. ఇత్తాను. ముందు అటెల్లి అదెందుకివ్వదో ఇనేసి రా."

"వినడమేంటి? నాకు టైము లేదు."

"ఇంటేనే చేప."

కారావిడ అటూ ఇటూ చూసింది. తర్వాత ఖాళీ సంచితో మళ్లీ మంగతాయారు ముందుకు వచ్చి నిలబడింది. మంగతాయారు నా వంక చూసి, "కూసింత ఆగండి బాబుగారూ," అంది. కత్తిపీట పక్కకు జరిపి చేతులు కడుక్కుంది.

"కనకాలపేటలో సత్తిరాజని ఒకాయనున్నాడండి," అని మొదలుపెట్టింది.